లైన్‌బ్యాకర్ హెల్మెట్

అమ్మా, నేను బాగానే ఉన్నాను, టీవీలో చూసింది మరిచిపో. లైన్‌బ్యాకర్‌ను కదా, బంతితో దూసుకొస్తున్నవాణ్ణి ఆపబోతే తలా తలా ఢీకొన్నాయి. లేచి, అవతలి జట్టు వరసలో నిలబడ్డానట. మా దెబ్బలు చూసే ద్వొరాక్ గారు నా హెల్మెట్ పెట్టెలో పడేసి దానిమీదే కూర్చున్నారు.

"ఇస్తే మళ్ళీ దూకుతావు, నీ సంగతి నాకు తెలీదూ?" అన్నారు.

ఇంతవరకూ ఇవ్వలేదు. ఈ శనివారంతో నా కాలేజీ ఆట ముగుస్తుంది. నా చోట టెరెన్స్‌ను దింపుతారట. కాలు ఒకచోట నిలవడం లేదు. మొక్కజొన్న కోత అయిందా? నానమ్మ దగ్గు తగ్గిందా? చెల్లికి ముద్దులు.

ఆట చూడ్డానికి వచ్చేటప్పుడు గ్యారేజీలో ఉన్న నా పాత హెల్మెట్ తెమ్మని నిన్న నాన్నకు ఫోన్ చేశాను. సరేరా అన్నాడు. ఈ కార్డు అందగానే ఆ హెల్మెట్ దాచెయ్యమ్మా. నేనే ఫోన్ చేసి బతిమాలినా ఎక్కడుందో చెప్పకు.

నీ వెండెల్