దొరకో మాట, కూలామెకో మాట

పద్మక్కా,

బాగున్నవా అని అడగబోయి ఆగిన... ఏమని అడగాలె ఇంక? నువ్వు పోయి వచ్చే నెలకు ఏడాది అయితది.

అశోక్‌నగర్‌ల పోటీ పరీక్షల పుస్తకాలు అచ్చేసే మన ఆఫీసు అట్లనే ఉంది. కింద కోచింగ్ పిల్లలు, పైన పుస్తకాల గుట్టలు. నువ్వు చేసిన ఎడిటర్ పని ఇప్పుడు నేను చేస్తున్న.

మొన్న ఎండకాలంల ఓనర్ సార్ పిలిచి, మన పుస్తకాలన్నిట్ల రాత ఒక్క తీరుగ ఉండాలె, రూల్స్ రాయమన్నడు. ఒక పుస్తకంల 'మరణించెను', ఇంకోదాంట్ల 'చనిపోయారు'... పరీక్షల ఏది రాయాలని హాస్టల్ పిల్లలు అడుగుతున్నరట. అంకెలు, పేర్లు, కామాలు అన్నీ జల్దిగనే తేలినయి. ఒక్క కాడ ఆగిపోయిన. నువ్వు ఎప్పుడూ కొట్లాడే కాడనే.

దొర 'వచ్చారు', కూలామె 'వచ్చింది'. యాదికుందా, చరిత్ర పుస్తకం ప్రూఫ్ పట్టుకొని మీటింగుల నువ్వన్న మాట? "కడుపు మాడ్చుకొని కొట్లాడిన ఆమెకు ఒక్క 'రు' పెడితే మన సిరా అయిపోతదా? పెడితే అందరికీ పెట్టుండ్రి!" పుస్తకం మాత్రం అట్లనే అచ్చయింది.

ఈసారి నా చేతిల ఉంది గద... అందరికీ 'రు' అని రాసిన. చరిత్ర పుస్తకం ముందలేసుకొని దిద్దవట్టిన. 'దొర ఊరి మీద కాల్పులు జరిపించారు.' అక్కడ చెయ్యి ఆడలే అక్కా. వానికి మర్యాద ఏంది? వానికొక్కనికే తీసేస్తే, ఎవరికి పెట్టాల్నో ఎవరికి వద్దో మళ్ల మనమే తేల్చాలె గద? శానా పరేషాన్ అయిన. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాక నడుచుకుంట అదే ఆలోచన. నువ్వుంటే ఏమనేటిదానివో...

ఆఖరికి నీ మాట దాటిన. ఎవ్వరికీ 'రు' వద్దన్న. దొర కాల్పించాడు, మంత్రి రాజీనామా చేశాడు, ఆమె ఎదురు నిలిచింది. చరిత్ర రాసే పెద్దాయనకు కోపమొచ్చింది. మంత్రిని 'డు' అంటే పుస్తకం ఎవరు ముట్టుకుంటరని గట్టిగనే అడిగిండు. నేను తగ్గలే. ఓనర్ సార్ జర ఆలోచించి, సరే అన్నడు.

కొత్త పుస్తకం మొదటి పేజీల నీ గురించి నాలుగు మాటలు వేద్దామని కూడ ఆయనే అన్నడు. నీకు మాత్రం 'గారు' ఉండాలన్నడు. ప్రేమతోనే అన్నడు... నేనే ఒప్పుకోలే. 'పద్మ ఈ పుస్తకాన్ని ఏండ్ల తరబడి దిద్దింది. నమ్మిన మాట మీద నిలబడింది.' అచ్చయినంక చూస్తే గుండె కలుక్కుమన్నది. ఇంత బోసిగనా? మళ్ల చదివిన. ఇంట్ల అమ్మను గూడ 'వచ్చింది, తిన్నది' అనే అంటం గద అక్కా... దగ్గరోళ్లకు మనం పెట్టే మాట అదే గద?

నీకు కోపమొచ్చిందా? వచ్చే ఉంటది.

రేపు ఏ ఊరి పిల్లనో వచ్చి, "మా నాయనమ్మ లాంటి కూలామెకు పుస్తకంల గూడ 'రు' దక్కదా?" అని అడిగితే, పని పక్కన పెట్టి వింట. ఆ పిల్ల మాటనే సరైందనిపిస్తే రూల్ మారుస్త. నీకు మాటిస్తున్న.

నీ
శ్యామల