ఒకే గేటు దగ్గర చెప్పులు

నాన్నా,

ఈరోజు రేపల్లె జట్టు తెనాలి వచ్చింది. నువ్వు పోయాక ఒక మ్యాచ్‌లో రెండూళ్ల కుర్రాళ్లూ రాళ్లు రువ్వుకున్నారు. ఆ తర్వాత ఇక్కడ ఫుట్‌బాల్ ఆడించడం ఇదే మొదలు. ఇప్పుడు గ్రౌండుకి ఊరికొకటి చొప్పున రెండు గేట్లు. మధ్యలో ఇనుప కంచె, దాని వెంట లాఠీలతో పోలీసులు.

నువ్వు హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నన్నాళ్లూ ఒకటే గేటు. "చెప్పులు ఇక్కడ విడిచి వెళ్లండి బాబూ" అనేవాడివి. రెండూళ్ల చెప్పులూ ఒకే గుట్టగా పడేవి. ఓడిన కోపంతో బయటికొచ్చినవాళ్లు కూడా వంగి వెతుక్కోవాల్సిందే. "అన్నా, ఆ ఎడమది నాదండి" అంటూ ఒకరికొకరు అందించుకునేవాళ్లు. "వట్టికాళ్లతో ఎవడు కొట్లాడతాడే?" అని నువ్వు నవ్వేవాడివి.

ఈరోజు గొడవేం జరగలేదు. కంచె అవతలి నుంచి ఒక్క ఎకసెక్కం కూడా వినపడలేదు. ఆట చప్పగా ఉంది నాన్నా.

నేను అలవాటుకొద్దీ పాత గేటు దగ్గరే చెప్పులు విడిచాను. "ఏంటమ్మా, ఇదేమన్నా గుడా?" అన్నాడు అక్కడి కానిస్టేబుల్.

మ్యాచ్ అయ్యాక చూస్తే నా చెప్పుల పక్కన ఇంకో జత ఉంది. అవతలి గేటు వైపు నుంచి ఒక పెద్దాయన కాలుతున్న ఇసుకలో వట్టికాళ్లతో నడిచొస్తున్నాడు.

"రేపల్లె వాళ్ల గేటు అటు కదండి?" అన్నాను.

"తెలుసమ్మా. చెప్పులు ఇక్కడ విడిచి, చుట్టూ తిరిగి అటెళ్లాను. ఇక్కడో హెడ్డుగారు ఉండేవారు."

నీ కూతుర్నని చెప్పలేదు. వంగి, ఆయన చెప్పులు అందించాను.