ఖాకీ చొక్కాకు అద్దం

ఎన్‌సీసీ సారుకు, మీ క్యాడెట్ భాను తల్లి నమస్కరించి రాస్తున్నది.

శనివారం భాను చొక్కా జేబు మీద అద్దం ఉందని మీరు పిల్లను గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించారు. మంచిదే, తప్పు తప్పే. కానీ ఆ అద్దం కుట్టింది మా అత్త రూప్లి. అద్దం లేని కొత్త బట్ట ఆడపిల్లకు తొడగడం మా లంబాడీ తండాలో ఆమె ఎరగదు. "పరేడ్ల గంత మందిల నడుస్తది, దిష్టి తగలదా?" అని ఆమె బాధ.

మీరెంత అడిగినా భాను నానమ్మ పేరు చెప్పలేదని దాని స్నేహితురాలు చెప్పింది. ఇంటికొచ్చాక మా అత్త "మీ సారు ఏమన్నడే?" అని అడిగితే, "మస్తు మెరుస్తుందన్నడు నానమ్మా" అంది. అప్పటికింకా చొక్కా చెమటతో ఒంటికి అంటుకునే ఉంది సారూ. ఈ పిల్ల సిపాయే అని అప్పుడే అనుకున్నాను.

అద్దం విప్పేశాను. మా అత్త మాత్రం ఊరుకోలేదు. "అవ్, చొక్కాకు వద్దంటే వద్దు. నా బట్టల నిండ అద్దాలే, నేనే వస్తా" అంది.

ఖమ్మం పరేడ్‌కు ఆమెను తీసుకొస్తున్నాను. "దహినే దేఖ్" అనగానే పిల్లలంతా కుడివైపు తల తిప్పుతారు కదా. దయచేసి మా అత్తను ఆ వైపే కూర్చోబెట్టండి.