నీ పొదిలోని బాణం

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ క్షేమమే. దవడ వాపు తగ్గింది. ఊడిన పళ్ళు ఎలాగూ తిరిగి రావు కాబట్టి మెత్తగా ఉడికినవే తింటున్నాను. నువ్వూ పిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిన్ని గురకకి నిద్ర పట్టడం లేదని రాశావు. అది చిన్నప్పటినుంచీ అంతే, మొహమాటపడకుండా పక్కకి దొర్లించు.

నీ విరిగిన చెయ్యి అతుక్కుని మళ్ళీ విల్లు పడుతున్నావని చదివి ప్రాణం లేచొచ్చింది. అక్కడి కొట్టులో చెక్క బాణాలు ఎలా ఏరుకోవాలని అడిగావు. బాణాలు చెక్కేదాని కడుపున పుట్టి అడగాల్సిన మాటేనా! సరే, విను. ముందు కర్రలో చారలు చూడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా పోవాలి. మధ్యలో పక్కకి జారాయంటే బాణం అక్కడే విరిగి నీ అరచేతిలో దిగబడుతుంది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచు. చిటుక్కుమంటే వద్దను, కొట్టువాడు ఎంత బతిమాలినా సరే. ఇక బిరుసు. నీ విల్లు తేలిక కాబట్టి కాస్త వంగే కర్ర తీసుకో. అదే కర్రని నాలాంటివాళ్ళ గట్టి వింట్లో పెడితే మరీ వంగి, గురికి కుడిపక్కగా పోతుంది. మనింట్లో నీ పొదీ నా పొదీ వేరువేరుగా తగిలించేది అందుకే.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. మీ ఆయన ఆసుపత్రి నుంచి ఏడుస్తూ కబురు పెట్టాడనీ, వెళ్ళనా మాననా అని నలిగిపోతున్నాననీ రాశావు. "నువ్వే భుజానికి కొట్టి ప్రాణాలతో వదిలేశావు. ఆయనలో ఎక్కడో మంచి ఉందని నీకూ అనిపించినట్టే కదమ్మా" అన్నావు. ఆ మాట చదివాక నాకు తిండి సయించలేదు.

ఆ రోజు జరిగింది నీకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. మధ్యాహ్నం నేను బల్ల దగ్గర కూర్చుని బాణాలకి ఈకలు అంటిస్తుంటే వాడు నిన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"అదెక్కడ?"

"నాకు తెలీదు నాయనా."

జుట్టు పట్టుకుని నా మొహాన్ని బల్లకేసి కొట్టాడు. జిగురు గిన్నె ఒలికింది. అందులోనే నా రక్తం, నా పళ్ళు. "పెద్దదానివని ఇంకోసారి మర్యాదగా అడుగుతున్నా" అని మళ్ళీ కొట్టాడు. దవడ ఎముక పటుక్కుమనడం నాకే వినిపించింది. నేను నోరు విప్పలేదు. "ఉండు, వేళ్ళు నరికితే నువ్వే చెబుతావు" అంటూ పెరటి చివర కట్టెల కొట్టంలోకి గొడ్డలి కోసం పోయాడు. తొందర కూడా పడలేదమ్మా, బజారుకి వెళ్తున్నట్టు నడిచాడు.

గోడ పట్టుకుని లేచాను. కళ్ళలోకి రక్తం కారుతోంది. విల్లు అందుకుని, పొదిలోంచి బాణం లాగి, పెరటి గుమ్మంలో నిలబడ్డాను. వాడు గొడ్డలితో వస్తూ నన్ను చూసి నవ్వాడు.

"వెయ్యండి అత్తయ్యా."

వేశాను. ఎడమ భుజంలో దిగి వెనక్కి తేలింది. గొడ్డలి వదిలేసి, పందిలా అరుస్తూ మట్టిలో దొర్లాడు.

అప్పటినుంచీ అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళే. ఇన్స్పెక్టరు కూడా "చంపగలిగీ చంపలేదు, ఎంత నిగ్రహమమ్మా మీది" అన్నాడు. నేను తలూపాను. నా మీద కేసు లేకుండా పోయింది ఆ మాట వల్లే.

అది నిజం కాదు తల్లీ. నేను గుండెకే గురిపెట్టాను. వాడు చావాలనే వేశాను. రక్తం కమ్మిన కళ్ళతో తడుముకుంటే నా చెయ్యి నీ పొదిలో పడింది. దగ్గరికెళ్ళి వాడి భుజంలో నీ ఎర్ర ఈకలు చూశాక గానీ నాకు తెలియలేదు. తెలియగానే లోపలికి పరుగెత్తి నా బాణం తెచ్చుకున్నాను. కిందపడి దణ్ణం పెడుతున్నవాడి గొంతుకి గురిపెట్టి నారి లాగాను. అంతలో పక్కింటివాళ్ళు గోడ దూకి నా చెయ్యి పట్టుకున్నారు. లేకపోతే వేసేదాన్నే. ఆ సంగతి వాళ్ళు పోలీసులకి చెప్పలేదు. నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు, వాడు బతికాడన్న కడుపుమంట తప్ప.

కాబట్టి నా దయ చూసి నువ్వు వాడి దగ్గరికి వెళ్ళకు. నాకు అలాంటిదేమీ లేదు. అయినా వెళ్ళాలనిపిస్తే, ముందు ఈ ఉత్తరం తీసుకెళ్ళి ఇన్స్పెక్టరుకి ఇవ్వు. నన్ను లోపల వేయించాకే ఆ ఇంటి గడప తొక్కు. నేను బయట ఉండగా నువ్వు అక్కడ అడుగుపెడితే, వాడు బతకడు.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ