గుంట మగ్గంలో లారీ డ్రైవరు

కర్నూలు

అమ్మకు ఉమామహేశ్వర నమస్కారాలు. ఇక్కడ నేను, ప్రమీల కులాసా. మాధవరంలో నువ్వు, నాయన కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నాయన చేత రాయించిన నీ ఉత్తరం అందింది. ఫోనులో చెప్పబోయి నోరు రాక, నేనూ కాగితమే పట్టుకున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబు. ప్రమీలకు దగ్గు తగ్గింది. నువ్వు నేసి పంపిన చీర కట్టుకుని ఆఫీసుకు పోతే అందరూ అంచు పట్టుకుని చూశారట. చేనేత ప్రదర్శనకు నేను చేస్తున్న మన ఇంటి నమూనా పూర్తి కావచ్చింది. అట్టతో గోడలు, అగ్గిపుల్లలతో మగ్గం, నీ దారం ముక్కలతోనే పడుగు. తిప్పలన్నీ మనుషులతోనే. వేలెడంత బొమ్మలు ఎక్కడ వెతికినా తుపాకులు పట్టిన సిపాయిలే. మామూలు మనుషులు కావాలంటే కోట్లు, టోపీలు వేసుకున్న దొరలు. వాళ్ళలోనూ చాలామందికి ముక్కూ మూతీ కలిసిపోయి ఉంటాయి. చీర కట్టిన మనిషిని చేసేవాళ్ళే లోకంలో లేరా అని తిట్టుకున్నాను. చివరికి ఒక లారీ డ్రైవరు దొరికాడు. కూర్చుని, రెండు కాళ్ళతో తొక్కుతున్నట్టు ఉంటాడు. చొక్కా గీకేసి, పుట్టీతో పంచె కట్టి, గుంట మగ్గంలో దించాను. నేస్తున్నట్టే కుదిరాడు.

"అందులో నన్ను యాడ కూచోబెట్టినావురా? వచ్చే వారం వచ్చి చూస్తా" అని రాయించావు. అది చదివినప్పటి నుంచి సిగ్గుతో చచ్చిపోతున్నాను. నిన్ను కూర్చోబెట్టలేదమ్మా. బుట్ట పట్టుకున్న దొరసానికి చీర చుట్టి, వంటింటి గుమ్మంలో నిలబెట్టాను.

మొన్న మా ఆఫీసు వసంతకుమార్ వచ్చి చూశాడు.

"మగ్గం మీదుండేది ఎవురప్పా?"

"మా నాయన. శానా మంచి నేతగాడు."

"ఈయమ్మ?"

"మా అమ్మ. వంట చేస్తాంటాది."

ఎంత సులువుగా వచ్చిందో నోటికి! లోపల ప్రమీల వింటూనే ఉంది.

పోలియో కాలితో నాయన మగ్గం కింది చెక్కలు తొక్కలేడు. అందుకే గుంటలో దిగి నేసింది నువ్వు, రాట్నం తిప్పి కండెలకు దారం చుట్టింది నాయన. "మగోడు కండెలు చుట్టేది యాడన్నా ఉండాదా?" అని మన వీధిలో నవ్వేవాళ్ళు. ఆ నవ్వుకు నేనింకా భయపడుతున్నానమ్మా.

ఆడమనిషి బొమ్మ దొరకలేదని రాసి తప్పించుకుందామనుకున్నాను. అబద్ధం. దొరికింది. బండి మీద కూర్చున్న ఆవిడ, ముఖం, వేళ్ళు అన్నీ తీరుగా ఉన్నాయి. పొట్లం విప్పగానే ప్రమీల, "ఈయమ్మను గుంటలో దించితే అచ్చం అత్తమ్మే" అంది. వినపడనట్టు సొరుగులో వేశాను.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది నాయనేనని తెలిసే రాస్తున్నాను. నాయనా, నిన్ను దాచి, ఎవడివో రెండు కాళ్ళు తెచ్చి నీకు తగిలించాను. నిన్న డ్రైవరును పీకేశాను. గుంటలో ఇప్పుడు అమ్మ ఉంది. రాట్నం ముందు కూర్చున్న మగవాణ్ణి ఎవరూ చేసి అమ్మరు, నేనే చేయాలి. పుట్టీ కలుపుకుని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. నువ్వు ఏ చేత్తో రాట్నం తిప్పుతావో నాకు తెలియదు. ఆ గదిలోనే పెరిగాను, నీ వైపు చూడలేదు.

ఏ చెయ్యో రాయి నాయనా.

ఇట్లు,
మీ ఇద్దరి కొడుకు,
ఉమామహేశ్వర