పాలు పొంగిన టేక్

మే 3, మధ్యాహ్నం

బట్టల బీరువాలో దూరి పాడాను. దుప్పట్ల మధ్య గొంతు శుభ్రంగా రికార్డవుతుంది, గది మోత ఉండదు. ఎల్లుండి ఆపరేషన్. గొంతులో స్వరం పలికించే వోకల్ కార్డ్ మీద చిన్న బుడిపె. తీసేస్తే మాటకి ఢోకా లేదు, పాట సంగతి మాత్రం చెప్పలేనన్నాడు డాక్టర్. ఇన్నేళ్ళు స్టూడియోల్లో కోరస్ పాడిన మనిషితో అనాల్సిన మాటేనా అది?

అందుకే నేను కట్టుకున్న పాటొకటి, వాయిద్యాలేవీ లేకుండా పాడి, రీమిక్స్ చేసేవాళ్ళ సైట్‌లో పెట్టేశాను. అక్కడ ఉత్త గొంతు పెడితే ఎవరైనా తీసుకుని సంగీతం వేసుకోవచ్చు. పాడినవాళ్ళ పేరు రాస్తే చాలు. గొంతు పోయేలోగా నలుగురి దగ్గరా ఉంచాలని నా ఆరాటం.

మే 4

కొంప మునిగింది. నేను పెట్టింది ఫైనల్ టేక్ కాదు. రెండో చరణం మధ్యలో మా ఆడపడుచు వంటింట్లోంచి, వదినా! పాలు పొంగుతున్నాయ్! అని కేకేసిన టేక్. లెక్కల టీచరు కదా, చివరి బెంచీదాకా వినిపించాలి. తీసేద్దామని చూస్తే అప్పటికే కొందరు డౌన్‌లోడ్ చేసేసుకున్నారు. మా ఆయన ఆసుపత్రి బ్యాగ్ సర్దుకోమని తొందరపెడుతున్నారు. ఉండనీ.

మే 6

మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దట. ఆడపడుచు చిన్న వైట్‌బోర్డు తెచ్చిచ్చింది. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదని ఆయన జోకేశారు. బోర్డు మీద రాయకూడని జవాబు కళ్ళతో చెప్పాను.

మే 14, ఉదయం

రీమిక్స్‌లు వచ్చాయి! ఒకటి కాదు, బోలెడు. ఒక్కడూ పాల కేక తీసెయ్యలేదు. ఒకాయన దానితోనే పల్లవి చేశాడు, జనం గెంతుతున్నారు. ఆ కేకకి అర్థమేమిటని ఆయన అడిగితే, మా భాషలో చాలా అర్జెంటు మాట అని రాశాను.

చెల్లో, అదే ఆ పెద్ద వయొలిన్, వాయించే అమ్మాయిది మాత్రం మళ్ళీ మొదటినుంచీ పెట్టుకుని విన్నాను. స్టూడియోల్లో నా ఊపిరి చప్పుడు ఎప్పుడూ కత్తిరించి పారేసేవాళ్ళు. ఈ పిల్ల నేను ఊపిరి పీల్చిన ప్రతిచోటా ఆగింది. నాతోపాటు పీల్చి, నాతోపాటు మొదలుపెట్టింది. నన్ను చూడనైనా చూడలేదే, ఎలా తెలిసింది? ఏడుపొచ్చింది. చప్పుడు చెయ్యకూడదు కాబట్టి దిండులో మొహం పెట్టుకున్నాను.

మే 15

ఆడపడుచు తన కేక విని పడీ పడీ నవ్వింది. తర్వాత చెల్లో పాట పెట్టమంది. అయ్యాక ఇన్నాళ్ళూ ఎవరెవరి వెనకాలో వినబడేదానివి వదినా, నీ గొంతు ఇదా అంది.

జూన్ 9

మాట వచ్చింది. మొదటి మాట ఆయనతోనే: రిమోట్ ఇటివ్వండి. బొంగురుగా ఉంది. ఇక మెల్లగా పాడి చూసుకోవచ్చన్నాడు డాక్టర్.

పాడలేదు. పాడితే తెలిసిపోతుంది.

జూన్ 20

ఇవాళ ఒక డ్రమ్మర్ తన రీమిక్స్ పంపాడు. చెల్లో అమ్మాయి వాయించినదీ కలుపుకున్నాడు. పాల కేక తర్వాత నా గొంతు లేదు. డ్రమ్ము ఒక్కటే, వేళ్ళతో తట్టినంత నెమ్మదిగా, చాలాసేపు. ఎడిటింగ్‌లో పొరపాటేమో అని అడిగాను. కాదట. ఆవిడ అంత గట్టిగా పిలిచింది, మీరు పలకలేదు, మీ జవాబు కోసం ఖాళీ ఉంచాను అన్నాడు.

ఎక్కడో ఉన్నవాడు. భాష రానివాడు. పిలుపని కనిపెట్టాడు.

జూన్ 21, పొద్దున్నే

మళ్ళీ బీరువాలో దూరాను. నోరు తెరిస్తే సగం గాలే. ఆ గాలి వెనక నేనెరగని ఎవరిదో గరుకు గొంతు. పాత శ్రుతి అందుకోబోతే పట్టు తప్పింది. ఇంకోసారి ప్రయత్నించాను. లేదు. డాక్టర్ చెప్పలేనన్నది ఇదే. ఎంత కింది శ్రుతికి దిగితే గొంతు నిలబడిందో అక్కడికి దిగి, కేక తర్వాతి ఖాళీ కోసం పాడాను. బాగుందో లేదో వినకుండానే డ్రమ్మర్‌కి పంపేశాను.

జూన్ 23

డ్రమ్మర్ దగ్గర్నుంచి పాట తిరిగి వచ్చింది. నా గొంతుని మెషిన్‌తో పైకి లాగుతాడనుకున్నాను. లాగలేదు. మొదటినుంచీ చెల్లో, ఆడపడుచు కేక, నా పాత గొంతు, అందరినీ నా ఇప్పటి శ్రుతి దగ్గరికి దించాడు.