టెనర్ యుకులేలే నాలుగో తీగ గురించి నా ఆఖరి మాట

తీగవాయిద్యాలు బాగుచేసి బతికే నేను, ఈ పేటలో చిన్నా పెద్దా తీగల తాతయ్య అని పిలిచే మనిషిని, మతి స్థిమితంగా ఉండగా, మందు గానీ మత్తు గానీ తలకెక్కకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి మీద అనుమానం ఉన్నవాళ్ళు ముందు తమ మతి ఎవరికైనా చూపించుకుని రావాలి. నేను రాశానంటూ ఇంకో కాగితం ఎవరైనా తెస్తే అది దొంగ కాగితమని ఇప్పుడే చెబుతున్నాను.

కొట్టివేతలున్న వీలునామాను కోర్టుకు లాగడం తేలికని విన్నాను. అందుకని ఇందులో ఒక్క అక్షరం కూడా కొట్టివేయను. మనసు మారితే కింద రాస్తాను. పై మాటకూ కింది మాటకూ తేడా వస్తే కింది మాటే చెల్లుతుంది. రోజుకు కాస్త రాసి పరుపు కింద దాస్తున్నాను. పరుపు అంచు ఎలా మడిచి పెట్టానో నాకు గుర్తుంటుంది కాబట్టి, నా దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినవారు మా వీధి చివరి నోటరీ గారు. ఆయన మీద పెద్ద నమ్మకం ఉండి కాదు. ఆయనకు సంగీతం గిట్టదు. నా వాయిద్యం మీద ఆయన కన్ను పడదు.

2. కింది పనిగది, మేడమీది రెండు గదులు, వాటిలోని సామాను నా ఒక్కగానొక్క కొడుక్కి చెందుతాయి. వాడు బీమా కంపెనీలో పనిచేస్తాడు, ప్రతిదానికీ ముందు నష్టం ఎంతో చూస్తాడు. ఇల్లు ఇస్తున్నంత మాత్రాన వాడి మీద నాకు అనుమానం లేదని కాదు. వీధి తలుపు గంట మార్చేశాడు. ఇదివరకు మేడమీదికి కూడా గణగణమని వినబడేది. ఇప్పుడు మనుషులు వచ్చి నా ఎదుట నిలబడేదాకా వచ్చినట్టే తెలియదు. అడిగితే "పాత గంటే నాన్నా, నేనేం ముట్టుకోలేదు" అంటాడు. ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో నాకు తెలియకూడదని చేసిన పని కాకపోతే ఇదేమిటి? టీ కెటిల్ ఈల కూడా ఎవరో పీకేశారు.

3. నా టెనర్ యుకులేలే. గిటారుకు చెల్లెలిలాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం, మహాగని చెక్కతో నా చేతులతో చేసుకున్నది. టెనర్ అంటే వీటిలో పెద్ద సైజు. దీని గురించి కాస్త వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే దీన్ని తీసుకునేవాళ్ళు తీగలు ఎంచడం తెలియక పాడుచేస్తారు. టెనర్‌కు టెనర్ తీగలే కొనాలి. చిన్న యుకులేలేకు చేసినవి వేస్తే సడలిపోయి పీలగా పలుకుతాయి. నైలాన్ మెత్తన, వేలికి హాయి, కానీ ఎండకూ చలికీ శ్రుతి జారుతుంది. ఫ్లోరోకార్బన్ రకం సన్నం, గట్టి, ప్రతి స్వరమూ విడివిడిగా వినిపిస్తుంది. నా ఓటు దానికే. స్టీలు తీగ మాత్రం ఎన్నటికీ వేయకూడదు. గిటారుకూ దీనికీ తేడా ఏముందిలే అని నా కొడుకు ఒకసారి వేశాడు. మధ్యాహ్నానికల్లా తీగలు కట్టే బ్రిడ్జి, కింది చెక్కతో సహా లేచి వచ్చింది. అంటించింది నేను, అలిగింది వాడు.

ఇక నాలుగో తీగ. వాయించేవాడి గడ్డానికి దగ్గరగా ఉండేది. దాన్ని రెండు రకాలుగా వేయవచ్చు. పై స్థాయిలో సన్న తీగ వేస్తే వాయిద్యం నవ్వుతున్నట్టుంటుంది. మంద్రంలో, లోహపు చుట్టు ఉన్న లావు తీగ వేస్తే గంభీరంగా పలుకుతుంది. యుకులేలే అన్నది నవ్వడానికి పుట్టింది. గంభీరం కావలసినవాడు గిటారు కొనుక్కోవాలి. నా జీవితమంతా పై స్థాయి తీగే వేశాను. నాకు తెలిసినవాళ్ళందరికీ ఇది తెలుసు.

పై వాయిద్యం నా కొడుక్కే చెందాలి, వాయించడానికి కాదు, భద్రంగా ఉంచడానికి. ఏ కారణం చేతనైనా నా కోడలి చేతికి పోకూడదు. కారణం కింద రాస్తున్నాను.

4. కంటి ఆపరేషన్‌కు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాను. పెట్టె తెరిచి చూస్తే నా సన్న నాలుగో తీగ లేదు. లావు మంద్రపు తీగ కూర్చుని ఉంది. పీకి పారేసి నాది వేసుకున్నాను. నాలుగు రోజులు పోయాక మళ్ళీ లావు తీగ. మళ్ళీ పీకాను. మళ్ళీ వచ్చింది. ఇలా నా ఇంట్లో నా వాయిద్యం మీద ఎవరో పిల్లి అడుగులతో వచ్చి పోతున్నారు. దొంగలు తీసుకుపోతారు, వీళ్ళు పెట్టిపోతున్నారు. నాకు ఇదే ఎక్కువ అనుమానంగా ఉంది.

ఒక సంగతి దాచను. ఆ లావు తీగ బాగానే పలికింది. బాగా పలికినందుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది.

5. తీగల కొట్టువాడికి ఈ వీలునామా ద్వారా నా అసమ్మతి తప్ప మరేమీ చెందదు. కొన్నాళ్ళుగా వాడు ఇచ్చే ఫ్లోరోకార్బన్ తీగలు మూగవి. మొదటి తీగ పై మెట్లలో మీటితే దూది మీద కొట్టినట్టుంటుంది. ప్యాకెట్లు మార్చి చూశాను, అంతే. గాలం దారం ముక్కలు కోసి అమ్ముతున్నాడని నా నమ్మకం. మొహం మీదే అన్నాను. వాడు నన్ను జాలిగా చూశాడు. ఆ చూపు కూడా నాకు నచ్చలేదు.

6. నా తమ్ముడికి ఏమీ లేదు. ఏమీ అంటే ఏమీ. ఇద్దరం ఒకే దుకాణంలో ఒకే బల్ల మీద పనిచేసినవాళ్ళం. టెనర్‌కు పొట్ట పెద్దది, మంద్రపు తీగ వేయకపోతే ఆ పొట్ట దండగ అని వాడు. వేస్తే నవ్వు పోతుందని నేను. గిరాకీ ముందే ఒకరి మాట ఒకరం కొట్టిపారేసేవాళ్ళం. చివరికి దుకాణం పంచుకున్నాం. బల్ల ఎవరికి అన్నది తేలక, రంపంతో నడిమికి కోసుకున్నాం. నా సగానికి రెండే కాళ్ళు, అందుకే గోడకు మేకులు కొట్టి నిలబెట్టాను. అప్పటినుంచీ మాటల్లేవు.

ఇప్పుడు నా దగ్గర రుజువు ఉంది. యుకులేలే మెడ చివర తీగలు ఆనే ఎముక ముక్క ఉంటుంది. దాని మీద నాలుగో గాడిని ఎవరో ఆకురాయితో వెడల్పు చేశారు, లావు తీగ పట్టడానికి. అందుకే నా సన్న తీగ అందులో కుదురుగా కూర్చోక బుర్రుమంటోంది. ఆ గాడి, తీగలు బిగించే మరల వైపు కాస్త వాలుగా ఉంది, అంచులు గుండ్రంగా ఉన్నాయి. అది మా నాన్న నేర్పిన పద్ధతి. అలా ఆకురాయి పట్టే మనుషులు ఇద్దరమే మిగిలాం. నేనేమో అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాను.

అంటే నా తమ్ముడు నా వాయిద్యాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. తలుపు తీసిందెవరు?

7. నా కోడలు. దంతవైద్యుడి దగ్గర సహాయకురాలు. మెత్తని మనిషి, అడుగు చప్పుడు ఉండదు. ఇదివరకు మామూలుగానే మాట్లాడేది. ఈమధ్య నా ముందు కావాలని గొణుగుతోంది. కొడుకు మాటలు ముక్కలుముక్కలుగా అయినా అందుతాయి, ఈమెవి పెదవులు కదలడమే. దాచవలసింది ఉన్నవాళ్ళే గొణుగుతారు. నా తర్వాత వాయిద్యాన్ని తమ్ముడికి చేర్చాలని ఆమే వాడూ కలిసి గోతులు తవ్వుతున్నారని తేల్చుకున్నాను. పట్టుకోవడానికి పెట్టె గొళ్ళెం మీద పౌడరు చల్లి ఉంచాను. సాయంత్రం ఆమె చీర కొంగు అంచున తెల్లగా కనబడింది. ఇక కళ్ళారా చూడడమే మిగిలింది.

8. చూశాను. ఈ పేరా ఏడో పేరా తర్వాత ఒక రోజు ఆగి రాస్తున్నాను.

క్షవరానికి వెళుతున్నానని చెప్పి, వీధి చుట్టి వచ్చి, పనిగది వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను. కోడలు నా సగం బల్ల మీద పాత తువ్వాలు పరిచి యుకులేలేను పడుకోబెట్టింది. పళ్ళ డాక్టరు దగ్గర వాడే చిన్న పట్టకారుతో పాత తీగ తీస్తోంది. పక్కన ఫోను పెట్టుకుంది. అందులోంచి నా తమ్ముడి గొంతు వచ్చింది. ఎన్నేళ్ళయిందో ఆ గొంతు విని. డోలులాంటి గొంతు వాడిది, కిటికీ అవతలికి కూడా ఒక్క మాట పొల్లుపోలేదు.

"తీగ తోకని కిందినుంచి పోనిచ్చి రెండు చుట్లు తిప్పమ్మా. అంతే. ఎక్కువ బిగించకు, నెమ్మదిగా పైకి తీసుకురా. అన్నయ్యకి పై స్వరాలు పోయాయి, చెప్తే ఒప్పుకోడు, కొట్టువాణ్ణి తిడతాడు. ఈ తీగైతే చెవికి అందకపోయినా దాని అదురు ఒంటికి అందుతుంది. చెమటకి దీని పలుకు తొందరగా చస్తుంది, అందుకని మారుస్తూ ఉండు. తిడితే తిట్టనీ."

కోడలు ఏదో అంది. నాకు వినబడలేదు. ఆమె గొణగడం లేదు. నవ్వుతూ, తల ఎత్తి, మామూలుగానే మాట్లాడుతోంది. నాకే వినబడలేదు.

వీధి గంట, కెటిల్ ఈల, కొట్టువాడి తీగలు, అన్నీ ఒకేసారి తెలిశాయి. కోపం రావాలి, రాలేదు. కిటికీ ఊచ పట్టుకుని కాసేపు ఏడ్చాను. క్షవరం చేయించుకోకుండానే ఇంట్లోకి తిరిగి వచ్చాను. నా చెవుల సంగతి ఇంట్లో అందరికీ ముందే తెలుసన్నమాట.

9. కాబట్టి: మూడో పేరాలో నా కోడలి గురించి రాసిన నిషేధం రద్దు. టెనర్ యుకులేలే, పెట్టె, విడి తీగలు, శ్రుతిపెట్టె అన్నీ ఆమెకే పూర్తి హక్కులతో చెందుతాయి. నా తర్వాత దానికి ఏ తీగలు వేయాలో ఆమె చెవే నిర్ణయించాలి. నాది గానీ నా తమ్ముడిది గానీ సలహా అడగనవసరం లేదు. స్టీలు ఒక్కటీ వద్దు.

ఆరో పేరాలో తమ్ముడి గురించి రాసిన "ఏమీ" రద్దు. ఆకురాళ్ళ సంచి వాడికి. నా సగం బల్ల కూడా వాడికే, గోడ మేకులు నా కొడుకు పీకి ఇవ్వాలి. అయితే యుకులేలే నవ్వడానికే పుట్టిందన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను, వాడు గెలిచినట్టు ఎక్కడా చెప్పుకోకూడదు.

తీగల కొట్టువాడి మీద గాలం దారం ఆరోపణ కూడా రద్దు.

10. నోటరీ గారికి ఆఖరి ఆదేశం. నా ప్రాణం ఉండగా, ఈ కాగితాలు పెట్టి ఇచ్చే కవరు తెరవకూడదు, ఈ మాట కవరు మీద కూడా రాస్తున్నాను. నాకు తెలిసిపోయిందని మా ఇంట్లో ఒక్కరికీ తెలియకూడదు. తెలిసిన మర్నాటినుంచి అందరూ నా మొహానికి దగ్గరగా వచ్చి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు సాగదీసి మాట్లాడతారు, అది చూసి పేటంతా తెలుస్తుంది. చెవుడు వచ్చినవాడి దగ్గరికి వాయిద్యం బాగుచేయమని ఎవరు తెస్తారు? పని లేకపోతే నేను ఈ కుర్చీలో ఎందుకు కూర్చోవాలి? అందుకని రేపు పొద్దున కూడా పెట్టె తెరిచి, నా తీగ ఎవరు ముట్టుకున్నారని ఇల్లు అదిరేలా అరుస్తాను. నా కోడలు ఏమీ ఎరగనట్టు సంచీ తగిలించుకుని పనికి వెళుతుంది. ఆమె మలుపు తిరిగాక తలుపు వేసుకుని, ఆ లావు తీగ పీకకుండానే వాయిస్తాను.

తేదీ: మార్చి పంతొమ్మిది, బుధవారం.

(సంతకం) తీగల తాతయ్య

సాక్షులు, మీద అట్ట కప్పి సంతకం చోటు మాత్రమే చూపించగా చేసినవారు:
1. ఎదురింటి కళ్ళజోళ్ళ ఆయన. అట్ట ఎత్తి చూడబోయారు, చెయ్యి పట్టుకున్నాను.
2. పోస్టుమాస్టరు గారు. ఆయన ఏదో అడిగారు. ఏమడిగారో అందలేదు. అందినట్టే తల ఊపాను.